కొండవీటి గవను: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: కొండవీటి గిరిదుర్గ సింహద్వారాన్ని ప్రాకారసహితంగా జీర్ణోద్ధరణ గావించి, వారసత్వ సంపదగా పరిరక్షించి, భావితరాలకు అందించాలి.

అవతారిక: ఇది ఏ కవీ రాసిన వాక్యం కాదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో కోటల మీద సభ పెడితే మైకులోంచి, వినతిపత్రం రాస్తే కాగితం మీదికి ఇంచుమించు ఇదే అచ్చులో దిగే వాక్యం. దీన్ని కాదనేవాళ్లు లేరు. కాదనేవాళ్లు లేరు గనకే ఆగి చదివేవాళ్లూ లేరు. పాతకాలపు టీకాకారులు శ్లోకాన్ని పట్టుకున్నట్టు దీన్ని పదం పదంగా పట్టుకుని చూద్దాం. అర్థం చెప్పడం కన్నా ఆ పదం వెనక ఉన్న రాయిని, సున్నాన్ని, మనిషిని చూపించడం మీదే ఈ టీకకు ఆసక్తి.

కొండవీటి: గుంటూరుకు పడమరగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. ఇప్పటి లెక్కలో పల్నాడు జిల్లా, యడ్లపాడు మండలం. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి మీద ప్రయాణించేవాళ్లకు పత్తి చేల అవతల, మిరప కళ్లాల ఎరుపు మీదుగా, ఓ కొండల వరుస వెంట వస్తుంది. కోట దాని మీదే. రెడ్డిరాజుల తొలి రాజధాని ఇది కాదు, అద్దంకి. ప్రోలయ వేమారెడ్డి అక్కడి నుంచే పాలించాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి కాలంలో (1353-1364) రాజధాని ఈ కొండకు మారింది. ఒకవైపు రేచర్ల వెలమలు, ఇంకోవైపు బహమనీలు ఉన్న రోజుల్లో మైదానంలో సింహాసనం వేసుకుని కూర్చోవడం కుదరని పని. ఆ తరవాత వరస తెలిసిందే. 1424 దాకా రెడ్లు, వెనక విజయనగరం, గజపతులు, 1515లో మళ్లీ విజయనగరం, 1579-80 ప్రాంతంలో గోల్కొండ, 1687తో మొగలులు, 1752లో ఫ్రెంచివాళ్లు, 1788లో ఇంగ్లీషువాళ్లు. గోల్కొండవారు పేరు కూడా మార్చి ముర్తజానగరం అన్నారు. ఆ పేరు దస్తావేజుల్లో మిగిలింది, జనం నోట కొండవీడే నిలిచింది.

ఇందరి చేతులు మారిన కోటలో 'కొండవీటి ద్వారం' అంటే ఎవరి ద్వారం? ఈ ప్రశ్న కిందకు వెళ్లాక పెద్దదవుతుంది. గుర్తుంచుకుంటే చాలు.

గిరిదుర్గ: కౌటిల్యుడు దుర్గాలను నాలుగు రకాలుగా విభజించాడు: నీటి నడుమ ఉన్నది, కొండ మీద ఉన్నది, ఎడారిలోది, అడవిలోది. మనువు ఆరు చెప్పి, అన్నిటిలో గిరిదుర్గమే మేలన్నాడు. మైదానపు కోటకు శత్రువును దూరంగా ఆపడానికి కందకం తవ్వాలి. కౌటిల్యుడు ఒకటి చాలదని మూడు చెప్పాడు. కొండకోటకు ఆ ఖర్చు లేదు, వాలే కందకం పని చేస్తుంది. మైదానపు కోటకు లేని బెంగ ఒకటి మాత్రం దీనికుంది. అది నీళ్లు.

'కొండవీటి చేంతాడు' అనే మాట తెలుగువాళ్లందరికీ తెలుసు. తెగని ఉపన్యాసానికీ, ఆసుపత్రి ముందు వరసకీ, రేషను జాబితాకీ వాడేస్తాం. ఈ ప్రాంతపు బావులు అంత లోతు, తోడుకునే తాడు అంత పొడవు అని దాని వెనక చెప్పే మాట. కొండ కింద నీటి సంగతి అదైతే, కొండ మీద దండును నిలపాలంటే వాననీటిని పట్టి ఉంచడం తప్ప దారి లేదు. అందుకే పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు చెరువులున్నాయి. ముట్టడిలో ఉన్న కోటకు ద్వారం గట్టిదనం ఈ చెరువుల్లో నీళ్లు ఎన్నాళ్లు వస్తాయో అన్నాళ్లే. ద్వార పరిరక్షణ అనే మాటలో చెరువు పూడిక తీయడం కూడా ఉందని ఏ వినతిపత్రమూ రాయదు.

సింహద్వారాన్ని: గుడికి, ఇంటికి చెల్లే మాట. కోటకు మన పాతమాట గవను. కొండవీటి వాళ్లు ఇవేవీ అనరు, దర్వాజా అంటారు. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు ప్రవేశాల పేర్లు నిలిచాయి. రెండూ పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలతో కట్టినవి.

ఇక్కడ కాసేపు నిలబడాలి. పై వాక్యం ద్వారాన్ని ఒక వస్తువుగా, ఫొటో తీసుకోవడానికి వీలైన చట్రంగా ఊహిస్తోంది. కట్టినవాళ్ల ఊహ అది కాదు. మధ్యయుగపు కోటలో గవను ఒక మలుపుల వరస. ఎదురుగా నేరుగా వెళ్లి కొట్టగలిగే చోట తలుపు పెట్టరు. దారి గోడ వెంట కొంత దూరం నడిచి, బురుజు పక్కన తిరిగి, ఇరుకు చావడిలోకి వచ్చి, మళ్లీ అడ్డం తిరిగితే గానీ తలుపు కనిపించదు. కారణం ఏనుగు. తలుపును కుమ్మాలంటే దానికి పరుగు కావాలి. మలుపు ఆ పరుగును తినేస్తుంది. మరో కారణం మనిషి. డాలు ఎడమచేతిలో ఉంటుంది. గోడను కుడివైపు పెట్టి దారిని నడిపిస్తే, పైనుంచి బాణం వేసేవాడికి డాలు లేని పక్క దొరుకుతుంది. ఓరుగల్లు రాతికోట ప్రవేశాల్లో ఈ మలుపులు ఇప్పటికీ కళ్లకు కడతాయి. అక్కడ ఆటోవాడు హారను కొట్టుకుంటూ తిరిగే మలుపు ఒకప్పుడు ఏనుగును ఆపడానికి వేసిన మలుపే.

తలుపు చాలాచోట్ల మిగలదు. కర్ర కదా, చెద తిన్నది తిన్నాక వంటచెరుకైంది. కానీ రాయి చెబుతుంది. గడప రాతి చివర ఓ గుండ్రని గుంట చూడండి. తలుపు ఇరుసు అందులో తిరిగేది. దాని లోపలి అంచు వేలితో తడిమితే అద్దంలా నున్నగా ఉంటుంది. ఉలి చెక్కిన గరుకు పక్కనే తెలుస్తూ ఉంటుంది, తరాల తరబడి తిరుగుడు అరగదీసింది మాత్రం నునుపు. నడుము ఎత్తులో రెండు పక్కల నిలువురాళ్లకూ చదరపు రంధ్రాలుంటాయి. ఒకవైపుది జానెడు లోతు, రెండోవైపుది చెయ్యి మొత్తం దూరినా అంతు చిక్కదు. గడియమాను పగలంతా ఆ లోతు రంధ్రంలో గోడ పొట్టలో దాక్కుంటుంది. సాయంత్రం లాగి రెండోవైపు గుంటలోకి దూరిస్తే అప్పుడు కోట మూసినట్టు. ఏనుగు నుదురు ఆనకుండా తలుపు మీద ఇనుప మేకులు బయటికి పొడుచుకొచ్చేలా కొట్టేవారు. అవి చూడాలనుకునేవాళ్లు గోల్కొండ ఫతే దర్వాజా దగ్గరకు వెళ్లాలి.

పెద్ద తలుపును రోజూ తీసి వేయడం పదిమంది పని. అందుకని దానిలోనో పక్కనో ఓ మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఉండేది. దాన్నే దిడ్డి అంటారు. కోటల చరిత్రలో సింహద్వారాల కన్నా దిడ్డితలుపులు ఎక్కువ పని చేశాయి. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాయి. ఫిరంగులు, మందుపాతరలు, నిచ్చెనలు ఏవీ పనికి రాలేదు. చివరికి సెప్టెంబరులో ఓ తెల్లవారుజామున, లంచం తిన్న లోపలి సర్దారు అబ్దుల్లాఖాన్ పన్నీ ఓ చిన్న తలుపు తీసి ఉంచితే కోట పోయింది. ఇంతకన్నా మంచి టీక దిడ్డికి అక్కర్లేదు.

గవను యుద్ధం కోసమే అనుకుంటే మాత్రం పొరపాటు. ముట్టడి తరానికి ఒకసారి వస్తుంది, సంత వారానికోసారి వస్తుంది. ద్వారం పక్క అరుగు మీద కాపలావాడు ఎంత అవసరమో సుంకం వసూలు చేసేవాడూ అంతే. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ శాసనం వేయించాడంటే, సరుకు మీద ఈ రాజులకున్న చూపు అర్థమవుతుంది. ఇక్కడో చిన్న మాట. ఈ గవను కట్టిన రోజుల్లో కిందనుంచి పత్తి నడిచి ఉంటుంది గానీ ఒక్క మిరపకాయా నడిచి ఉండదు. మిరప పోర్చుగీసువారి ఓడలతో వచ్చింది. మిరపకాయ లేకుండా గుంటూరు సీమను ఏలినవాళ్లు రెడ్డిరాజులు. వాళ్ల కారం మిరియాలే.

ప్రాకారసహితంగా: 'సహితంగా' అనడం మంచిదే. గోడ లేని ద్వారం ఏమవుతుందో హైదరాబాదు చూపిస్తుంది. నగరం చుట్టూ ఉన్న గోడ 1908 మూసీ వరద తర్వాత కొంత, ఆ తర్వాతి దశాబ్దాల్లో మిగతాదీ పోయింది. దర్వాజాల్లో ఇప్పటికీ నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ వంటి ఒకటి రెండే. గోడ పోయాక దర్వాజా దేన్నీ మూయదు, తెరవదు. ట్రాఫిక్కుకు అడ్డమని ఒకడంటాడు, అందమని ఇంకొకడంటాడు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే దాని పని దానికి లేకుండా చేశాం.

ఓరుగల్లులో దీనికి తలకిందులు జరిగింది. అందరికీ తెలిసిన కాకతీయ తోరణాలు నాలుగూ కోట ద్వారాలనుకుంటారు. అవి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన తోరణాలు. వాటికి తలుపూ లేదు, గడియా లేదు. తెలంగాణ రాజముద్రకు ఎక్కిందీ ఆ తోరణమే. అసలు ద్వారాలు గణపతిదేవుడు మొదలెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతిగోడలో, 45 బురుజుల నడుమ ఉన్నాయి. ముద్రకు ఎక్కినదానికి వచ్చే చూపు వాటికి రాదు.

కొండవీటి గోడ సంగతి. గోడ మైళ్ల కొద్దీ కొండ శిఖరాలను చుట్టి, లోయల్లోకి దిగి, మళ్లీ ఎక్కుతుంది. మనం పొదల్లోకి దూరి చూసేది అందులో కొంతే. గోడ రాయిని దగ్గరగా చూస్తే అంచు వెంట వరసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. బండను చీల్చడానికి చీలలు దింపిన చోట్లవి. ఇదే సీమలో, ఒంగోలు పక్క చీమకుర్తిలో, ఇప్పుడు నల్ల గెలాక్సీ గ్రానైటు బండలను యంత్రాలతో కోసి దేశదేశాలకు పంపుతున్నారు. రాతిపని తెలిసిన చేతులు ఈ జిల్లాల్లో లెక్కలేనన్ని. అలాంటి చోట కోటగోడ పడిపోతే నిలబెట్టడానికి సిమెంటు సంచీ తేవడం విచిత్రం.

జీర్ణోద్ధరణ గావించి: వాక్యంలో అపాయకరమైన మాట ఇదే.

గుడిలో ఈ మాటకు అర్థం వేరు. గుడిలో దేవుడున్నాడు, పూజ ఆగకూడదు, పాతది తీసి కొత్తది కట్టినా దేవుడు అదే దేవుడు. కోటలో దేవుడి స్థానంలో ఉన్నది పాతరాయే. దాన్ని తీసేసి కొత్తది పెడితే ఉద్ధరించడానికి ఏమీ మిగలదు. ఫ్రాన్సులో కార్కసాన్ అనే కోట ఊరు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వియొలె-ల్య-ద్యూక్ అనే వాస్తుశిల్పి దాన్ని బాగుచేశాడు. కూలిపోబోతున్నదాన్ని నిలబెట్టినందుకు మెచ్చుకున్నారు, బురుజుల మీద ఆ ప్రాంతంలో లేని కోసుగా ఉండే పలకరాతి కప్పులు పెట్టినందుకు ఇప్పటికీ తిడుతున్నారు. ఆ అనుభవాలన్నీ చూశాకే 1964లో వెనిస్ నియమావళి ఒక గీత గీసింది. ఊహ మొదలైన చోట మరమ్మతు ఆగాలి.

పైన దాచిపెట్టుకున్న ప్రశ్న ఇక్కడికొస్తుంది. ఎవరి ద్వారం? 1515 జూన్ 23న కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్నాడు. అంతకు ముందే అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం పడిపోయాయి. కొండవీడు మాత్రం నెలల తరబడి నిలబడింది. లోపల గజపతి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు. నెలల ముట్టడి తర్వాత గెలిచినవాడు మొదట చేయించేది గోడ మరమ్మతే. ఆపైన గోల్కొండవాళ్లు ఫిరంగుల కాలానికి తగ్గట్టు బురుజులు మార్చి ఉంటారు. ఒకే గవనులో కింద వరసలు ఒకరివి, పై వరసలు ఇంకొకరివి కావచ్చు. 'రెడ్డిరాజుల నాటి రూపానికి తెస్తాం' అని ఎవరైనా ఉత్సాహపడితే మిగతా అయిదారు చేతుల పనిని చెరిపేయాల్సి వస్తుంది. విజయనగర ప్రతినిధిగా ఈ సీమను ఏలిన నాదిండ్ల గోపమంత్రి 'ప్రబోధచంద్రోదయం' నాటకానికి వ్యాఖ్య రాసిన పండితుడు. మూలం మీద చెయ్యి వేయకుండా పక్కన రాసుకోవడం వ్యాఖ్యాత మర్యాద. గవను మరమ్మతుకూ ఆ మర్యాదే కావాలి.

ఇక పనిలోకి దిగితే మూడు సంగతులు. మొదటిది సున్నం. పాతవాళ్లు గానుగలో ఎద్దులతో తిప్పి నూరిన సున్నం వాడారు. బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం కలిపేవాళ్లూ ఉన్నారు. సున్నం గాలి పీలుస్తూ నిదానంగా గట్టిపడుతుంది, తడిని బయటికి వదులుతుంది, రాయి కాస్త కదిలితే తానూ కాస్త సర్దుకుంటుంది. సిమెంటు ఒక్కరోజులో బిగుసుకుంటుంది. లోపలి తడిని బయటికి రానివ్వదు. ఆ తడి పక్కనున్న పాతసున్నాన్ని తింటుంది. నాలుగేళ్లకు సిమెంటు అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని చుట్టూ గోడ జారుతుంది. రెండోది మొక్క. పిట్ట వేసిన రావి విత్తు, జువ్వి విత్తు రాళ్ల సందులో మొలుస్తుంది. వేలెడంత ఉన్నప్పుడు పీకితే వస్తుంది, మూరెడు అయ్యాక పీకితే రాయితో వస్తుంది, మాను అయ్యాక కొట్టేస్తే వేరు లోపల కుళ్లి గోడ డొల్ల అవుతుంది. ఆ దశలో దాన్ని మొదలంటా చంపి, వేరు ఉన్న చోట నింపుకుంటూ రావాలి. ఏటా వానలు వెళ్లాక ఓ మనిషి కొడవలి పట్టుకుని గోడ వెంట తిరిగితే పోయే పనికి, ఇరవై ఏళ్ల తర్వాత లక్షల అంచనా తయారవుతుంది. మూడోది లెక్క. పడిపోయిన రాయిని ఎత్తే ముందు ఫొటో తీసి, గీసి, నంబరు వేయాలి. నంబరు లేని రాళ్ల కుప్ప ఏ కోటదో దేవుడికే తెలియదు.

వారసత్వ సంపదగా: రెండో మాటను అక్షరాలా నమ్మినవాళ్లు ఈ వాక్యం రాసేవాళ్ల కన్నా చురుగ్గా ఉన్నారు. గుప్తనిధుల కోసం గడప కింద, ద్వారపాలకుడి విగ్రహం కింద రాత్రిపూట తవ్వేవాళ్లు వాళ్లు. గడప రాయి లేపితే దాని మీద నిలిచిన రెండు నిలువురాళ్ల కింద నేల కదులుతుంది, తర్వాతి వానకు దూలం దిగుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువకు మించి ఏం దొరికినా కలెక్టరుకు చెప్పాలి. పది రూపాయలు! ఆ అంకె చదివితే నవ్వొస్తుంది గానీ, ఆ చట్టం ఇంకా బతికే ఉంది.

వారసత్వంలో కథలూ ఉంటాయి. కొండ కింద గోపీనాథస్వామి గుడిని జనం కత్తుల బావి అంటారు. పాలెగాళ్లను దర్శనానికి పిలిచి, కత్తులు నిలిపిన బావిలో పడేసి చంపారని కథ. చరిత్రకారులు దీన్ని నమ్మరు. అయినా ఊళ్లో, చూడ్డానికి వచ్చినవాళ్లకు మొదట చెప్పేది ఈ కథే. నమ్మదగని కథ ఒకటి నిలిచి, నిజమైన ద్వారాల కథలు పోవడం కోటలన్నిటికీ ఉన్న జాతకం.

పరిరక్షించి: చట్టం రెండంచెలుగా ఉంది. కేంద్రం పరిధిలోని కట్టడాలకు 1958 చట్టం. 2010 సవరణతో కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతితోనే కట్టడాలు. రాష్ట్రం పరిధిలోని వాటికి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం. కాగితం మీద ఇంతకన్నా గట్టి గడియ ఉండదు. కొండ మీద లెక్క వేరు. సామాన్యంగా కొండకోటల్లో గోడ పురావస్తు శాఖది, గోడ మీద మొలిచిన చెట్టు అటవీ శాఖది, కిందికి వచ్చే దారి రోడ్ల శాఖది, చూడ్డానికి వచ్చేవాడు పర్యాటక శాఖవాడు, కింద పొలం రెవెన్యూది. గోడలో రావిమొక్కను పీకడానికి ఎవరి సంతకం కావాలో తేలేలోపు అది మాను అవుతుంది.

భావితరాలకు: వాళ్లలో కొందరు ఇప్పటికే వచ్చి బొగ్గుతో, రంగుతో పేర్లు రాసిపోయారు. ఇంతకన్నా వ్యాఖ్య అవసరం లేదు.

అందించాలి: ఎవరు? వాక్యానికి కర్త లేదు. విధ్యర్థకం వేసి కర్తను వదిలేయడం మన తీర్మానాల అలవాటు. రాసినవాడు తానన్నట్టూ ఉండదు, కానట్టూ ఉండదు.

అధ్యాహారం: మూలంలో లేకపోయినా అన్వయం కుదరడానికి వ్యాఖ్యాత బయటినుంచి తెచ్చుకునే పదం ఇది. ఈ వాక్యానికి కావలసిన అధ్యాహారం 'దారి'. మలుపులు, అరుగులు, అడ్డగోడలు, పక్క బురుజు, మెట్లు అన్నీ కలిసి గవను అయినప్పుడు, దారి లేకుండా దాన్ని కాపాడటం అన్వయించదు. ఈమధ్య ఏళ్లలో కొండవీటి మీదికి ఘాట్ రోడ్డు పడింది. మంచిదే. మోకాళ్లు నొప్పులన్న పెద్దవాళ్లూ పైకి వెళ్లగలుగుతున్నారు, ఆదివారాలు పిల్లలతో కళకళలాడుతోంది. కానీ కోటకు కారులో వెళ్లేవాడు కాపలావాడు ఎదురుచూసిన దిక్కునుంచి రాడు. పైన దిగి, దర్వాజా దగ్గరికి లోపలి వైపు నుంచి నడిచి, అటు తిరిగి ఫొటో తీసుకుంటాడు. లోపలినుంచి చూస్తే ఏ గవను అయినా ఓ రాతి చట్రమే. దాని తెలివి అంతా బయటివైపు ఉంది.

అందుకని మరమ్మతు అంచనాలో మొదటి పద్దు పాత మెట్లదారికి రాయాలి. కింద ఊరి నుంచి గవను దాకా ముళ్లకంప కొట్టి, జారిన మెట్లు అక్కడే పడి ఉన్న రాళ్లతో సర్ది, వాననీరు మెట్ల మీదుగా కాకుండా పక్క కాలువలోంచి దిగేలా చేయాలి. మలుపు దగ్గర ఇక్కడ ఏనుగు ఎందుకు ఆగేదో చెప్పే పలక ఒకటి పెట్టాలి, గోడకు మేకు కొట్టకుండా, పక్కన దిమ్మె మీద. కార్లు ఆపే చోట ఇంకో పలక: పైకి రోడ్డు మీద వచ్చినవారు కిందికి నడిచి దిగవచ్చు, వాహనాన్ని డ్రైవరు చేత ఊళ్లోకి పంపండి. దిగుతూ వెనక్కి తిరిగి చూసేవాళ్లకు గవను ముందువైపు కనిపిస్తుంది. వినతిపత్రం తిరగరాసేవాళ్లు 'సింహద్వారాన్ని' అన్న చోట 'గవనును, దాని దారిని' అని మారుస్తే మిగతా వాక్యం ఉన్నదున్నట్టు ఉంచుకోవచ్చు.